చదరపు అడుగుకి 294 అన్నారు: పసుపు గోదాముకు ఉక్కు షెడ్డు కట్టించిన నా అనుభవం

దుగ్గిరాల పసుపు యార్డుకు దగ్గరలో మా కుటుంబానికి ఒక పాత సిమెంటు రేకుల గోదాము ఉండేది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు దాని కప్పు సగం లేచిపోయింది. మిగిలిన సగం కింద సరుకు పెట్టే ధైర్యం మాకు లేకపోయింది. సంక్రాంతి వెళ్ళాక తమ్ముడూ నేనూ కూర్చుని, రేకులు మార్చడం మానేసి పక్కనే ఉన్న మా స్థలంలో కొత్తగా పీఈబీ షెడ్డు కట్టాలని నిర్ణయించుకున్నాం. పీఈబీ అంటే ఫ్రేములన్నీ ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, మన దగ్గర బోల్టులతో బిగిస్తారు. వ్యాపారం తమ్ముడిది, లెక్కలు నావి. కాబట్టి ఈ ఏడాది కథంతా ఎక్కువగా నా ఫైలులోనే ఉంది.

మొదటి లెక్క బంధువుల దగ్గర నుంచి వచ్చింది. మా మామయ్య, "షెడ్డుకి యాభై, మిగతా వాటికి ఇరవై వేసుకో అమ్మా, డెబ్బై లక్షల్లో అయిపోతుంది" అన్నారు. ఆయన గుంటూరులో కట్టించారు కాబట్టి నమ్మకంగానే చెప్పారు. ఆ "మిగతా" అన్న మాటలో ఏమేమి ఉన్నాయో తేలడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇంజినీరును కలిసిన మొదటి రోజు ఆయన షెడ్డు గురించి మాట్లాడలేదు. "బస్తాలు ఎలా పేరుస్తారో గీసుకురండి" అన్నారు. గిడ్డంగుల్లో మామూలుగా ముప్పై అడుగులు పొడవు, ఇరవై అడుగులు వెడల్పు ఉన్న దొంతరలు వేస్తారు. వాటి మధ్య నడవాలు, గోడకీ దొంతరకీ మధ్య ఖాళీ, లారీ వెనక్కి వచ్చి ఆగే చోటు అన్నీ కాగితం మీద గీస్తే 24 మీటర్ల వెడల్పు, 48 మీటర్ల పొడవు వచ్చింది, అంటే దాదాపు 12,400 చదరపు అడుగులు. మధ్యలో ఒక వరుస స్తంభాలు వేస్తే ఉక్కు తగ్గుతుందని చెప్పారు. రేపు పాలిషింగ్ యంత్రం పెట్టాలంటే అడ్డు వస్తాయని మేము వద్దన్నాం. ఆ సౌకర్యానికి ఖర్చయింది, తెలిసే పెట్టాం. ఆరు మీటర్లకు ఒక ఫ్రేము చొప్పున తొమ్మిది ఫ్రేములు, రెండు చివర్లా గోడలకు మూడేసి స్తంభాలు కలిపి మొత్తం 24 పునాదులు.

ఫిబ్రవరిలో భూసార పరీక్ష కాదు, భూమి బలం పరీక్ష చేయించాం. రెండూ వేరని మా ఊళ్ళో ఇప్పటికీ చాలామందికి తెలియదు, నన్ను చూసి "పసుపు వేస్తారా అక్కడ?" అని అడిగినవాళ్ళున్నారు. మూడు చోట్ల బోరు వేసి నమూనాలు తీసుకున్నారు, ఖర్చు 28 వేలు. నివేదిక రావడానికి మూడు వారాలు పట్టింది. మాది డెల్టా నల్లరేగడి: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పైగా కాలువలు పారే రోజుల్లో నీటిమట్టం బాగా పైకి వస్తుంది. నివేదికలో రెండు మీటర్ల లోతుకు వెళ్ళాలనీ, నేల కింద నల్లమట్టి తీసి గ్రావెల్ నింపాలనీ ఉంది. స్థలం రోడ్డుకన్నా మూడు అడుగులు పల్లం. ఆ మెరకకు, చుట్టూ లారీ తిరిగే చోటుకు కలిపి గ్రావెల్ ఒక్కటే పన్నెండు లక్షలని మేస్త్రి లెక్క కట్టినప్పుడు నాకు మొదటిసారి మామయ్య గారి మీద కోపం వచ్చింది.

మార్చిలో మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తెప్పించుకున్నాం. పన్ను కాకుండా చదరపు అడుగుకి ఒకరు 294, ఒకరు 355, ఒకరు 375 రూపాయలు చెప్పారు. మొత్తంగా 36.5 లక్షలు, 44 లక్షలు, 46.5 లక్షలు. కొలతలు ఒకటే, రంగు రేకు ఒకటే, బొమ్మ కూడా దాదాపు ఒకటే. తమ్ముడు వెంటనే 294 వాళ్ళకు ఫోను చేయబోయాడు. నేను మూడు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి, ఎవరూ చదవని చివరి పేజీలు చదివాను. ఈ అనుభవంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సాయంత్రం అది.

తక్కువ ధర కొటేషన్లో గాలి వేగం సెకనుకు 44 మీటర్లు అని ఉంది. అది హైదరాబాదుకు వర్తించే అంకె. గాలి భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మా ప్రాంతానికి 50. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 44 నుంచి 50కి వెళితేనే 29 శాతం ఎక్కువ. అంతటితో ఆగలేదు. 2015లో సవరించిన ఆ ప్రమాణం తూర్పు తీరం నుంచి అరవై కిలోమీటర్ల లోపు ఉన్న పారిశ్రామిక కట్టడాలకు తుపాను గుణకం 1.15 వేయమంటుంది. ఇంజినీరు గారు మ్యాపు మీద కొలిచి చూపించారు, మా స్థలం ఆ అరవైలోనే ఉంది. గుణకం కూడా కలిపితే 44 మీద లెక్కకన్నా ఒత్తిడి 71 శాతం ఎక్కువ. కప్పు ఎగిరిపోయిందని కొత్తది కడుతున్నవాళ్ళకు తుపానే లేని ఊరి లెక్క పంపించారన్నమాట.

ఇంకొకటి కూడా ఉంది. కప్పు మీద మనుషులు ఎక్కి పనిచేసేటప్పటి భారాన్ని మన ప్రమాణం చదరపు మీటరుకు 0.75 కిలోన్యూటన్లుగా తీసుకోమంటుంది. అమెరికా పద్ధతిలో డిజైన్ చేస్తే 0.57తో సరిపెట్టవచ్చు. ఒక కొటేషన్లో అమెరికా పద్ధతి, మిగతా రెండిట్లో ఉక్కు కట్టడాలకు మన ప్రమాణం ఐఎస్ 800. ఏదీ మోసం కాదు, అన్నీ చివరి పేజీలో రాసే ఉన్నాయి. కానీ మూడు వేర్వేరు భవనాల ధరలను పక్కన పెట్టి ఏది చవక అని చూస్తున్నాం మేము.

అందుకని ఏప్రిల్ మొదట్లో ఇంజినీరు గారితో ఒకే పేజీ రాయించి ముగ్గురికీ పంపాను: గాలి 50, తుపాను గుణకం, మన కోడ్, పై రేకు మందం పూతతో కలిపి 0.5 మిల్లీమీటర్లు, పర్లిన్లు (ఫ్రేముల మీద అడ్డంగా వేసి రేకు బిగించే ఉక్కు పట్టీలు) గాల్వనైజ్ చేసినవి, వాలు పదికి ఒకటి. 36.5 లక్షల కంపెనీ 42.8 లక్షలకు వచ్చింది, బరువు కూడా 31 టన్నుల నుంచి 36కి పెరిగింది. మిగతావాళ్ళవి పెద్దగా కదలలేదు. మధ్యవాళ్ళను ఎంచుకున్నాం. ధర కారణం కాదు, మా ఇంజినీరు అడిగిన ప్రశ్నలకు వాళ్ళ డిజైనరు స్వయంగా ఫోనులో జవాబు చెప్పాడు. మిగతా ఇద్దరి దగ్గర సేల్స్ మనిషిని దాటి లోపలికి వెళ్ళలేకపోయాం.

అసలు బడ్జెట్ అప్పుడు మొదలైంది. కొటేషన్లో "కొనుగోలుదారు బాధ్యత" అనే శీర్షిక కింద ఉన్నవన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను: పునాదులు, మెరక, నేల కాంక్రీటు, మూడు మీటర్ల ఎత్తు ఇటుక గోడ, లారీల నుంచి దింపడం, దానికి క్రేను, బిగించేవాళ్ళకు కరెంటు, నీళ్ళు, ఉండటానికి గది, స్తంభాల అడుగున ఉండే బేస్ ప్లేట్ల కింద సందు నింపే గ్రౌటింగ్, వాన నీరు కిందికి దిగాక పోయే కాలువ, షట్టర్లు. జీఎస్టీ 18 శాతం వేరే. మా ఆడిటరు గారిని అడిగితే, సొంత గోదాము కట్టడానికి కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదన్నారు. అంటే సుమారు ఎనిమిది లక్షలు నేరుగా ఖర్చు కిందికే. మొత్తం కూడితే 98 లక్షలు. మామయ్య చెప్పిన డెబ్బై దాటి ఎక్కడికో వెళ్ళింది. ఆ రాత్రి నాన్నగారికి చెప్పాలంటే మనసొప్పలేదు. పొద్దున చెబితే, "మెరక లెక్క వేశావా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నారు.

బ్యాంకు సంగతి త్వరగా చెబుతాను, అక్కడ నేర్చుకునేది తక్కువ, ఓర్చుకునేదే ఎక్కువ. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రెండు కోట్ల వరకు రుణానికి ఏడేళ్ళపాటు వడ్డీలో మూడు శాతం రాయితీ 2024లో ఇచ్చేవారు. ఏప్రిల్ రెండో వారంలో ప్రాజెక్టు నివేదికతో దరఖాస్తు చేశాం. మంజూరు జూన్ చివర్లో వచ్చింది. ఎన్నికల నెలలు కావడంతో ప్లాను అనుమతి ఇచ్చే కార్యాలయంలో సగం మంది ఎన్నికల విధుల్లో ఉన్నారు, మే 13 పోలింగు, జూన్ 4 లెక్కింపు అయ్యేదాకా ఫైలు కదలలేదు. అనుమతి లేనిదే బ్యాంకు కదలదు. ఆ పథకంలో రుణ హామీ సదుపాయం ఉన్నా బ్యాంకువాళ్ళు ఇంటి కాగితాలు కూడా అడిగారు, ఇచ్చాం. నేను బడ్జెట్లో "అనుకోని ఖర్చులు" అని ఐదు లక్షలు వేస్తే వాళ్ళ ఇంజినీరు ఆ వరుస కొట్టేశారు. 72 లక్షలు మంజూరైంది.

కొటేషన్ గడువు పది రోజులు. బ్యాంకు తీసుకున్నది రెండున్నర నెలలు. ఉక్కు ధర పెరిగి ఉంటే మేము మునిగేవాళ్ళం, ఆ వేసవిలో అది కొంత తగ్గింది. కంపెనీవాళ్ళు తగ్గిన సంగతి తమంతట తాము ఎత్తలేదు, పాత ధరకే పొడిగిస్తున్నామని ఏదో మేలు చేసినట్టు రాశారు. నేను ఏప్రిల్, జూలై ప్లేటు ధరలు పక్కపక్కన పెట్టి పంపితే 44 లక్షలు 41.1 అయింది. దానికి కప్పు కింద ఇన్సులేషన్ 1.7 లక్షలు కలిపి 42.8 లక్షలకు జూలై మొదటి వారంలో ఒప్పందం రాసుకున్నాం. ఇన్సులేషన్ ముందే చెప్పాలి, ఎందుకంటే అది పర్లిన్లకీ రేకుకీ మధ్య పరుస్తారు, రేకు బిగించాక పెట్టడం కుదరదు. చలికాలం తెల్లవారుజామున ఉత్త రేకు అడుగున నీరు పట్టి బస్తాల మీద చుక్కలు పడతాయి. పసుపుకి అది చాలు బూజు పట్టడానికి. అలాగే వాళ్ళ మామూలు డ్రాయింగులో వెలుతురు కోసం పెట్టిన పారదర్శక రేకులు చాలావరకు తీసేయించాం. ఎండ వెలుతురులో పసుపు రంగు వెలిసిపోతుంది. ఈ రెండూ ఏ కంపెనీవాళ్ళూ అడగలేదు, మనం ఏం నిల్వ చేస్తామో వాళ్ళకు పట్టదు.

చెల్లింపుల దగ్గర కాస్త పోట్లాడాను. వాళ్ళు ముందు 30, లారీ ఎక్కించే ముందు 70 అన్నారు. చివరికి 30, 55, బిగించాక 10, మొదటి వాన చూశాక 5 శాతం దగ్గర ఆగాం. ధర కిలోల మీద కాదు, మొత్తం మీద రాయించాం. అలా అయితే బరువు పెంచి బిల్లు పెంచే మార్గం ఉండదు.

డ్రాయింగులకు ఐదు వారాలు పట్టింది. అడ్వాన్సు కట్టేశాక వచ్చే నిశ్శబ్దం చాలా భయపెడుతుంది. డబ్బు వెళ్ళింది, స్థలంలో ఒక్క గడ్డపార దెబ్బ పడలేదు, రోజూ మెయిలు చూసుకోవడమే పని. ఆగస్టు రెండో వారంలో పునాదిలో పాతే యాంకర్ బోల్టుల డ్రాయింగు, ప్రతి స్తంభం కింద పడే భారాల పట్టిక వచ్చాయి.

ఆ పట్టిక చూసి మా మేస్త్రి నమ్మలేదు. షెడ్డు బరువు 37 టన్నుల లోపే. పక్క స్తంభాలు పద్దెనిమిదికి పంచితే ఒక్కోదాని మీద రెండు టన్నులు. "దీనికింత గుంత ఎందుకమ్మా, నాలుగడుగులు చాలు" అన్నాడు. ఇంజినీరు గారు అదే పట్టికలో ఇంకో వరుస చూపించారు: తుపాను గాలికి ఒక్కో స్తంభాన్ని ఏడెనిమిది టన్నుల బలం పైకి లాగుతుంది. అంటే ఈ పునాది కట్టడాన్ని మోయడానికి కాదు, ఎగిరిపోకుండా పట్టుకోవడానికి. కాంక్రీటు దిమ్మ బరువు, దాని మీద నింపే మట్టి బరువు కలిపి ఆ లాగుడుకు సరిపోవాలి. పాత గోదాము కప్పు ఎందుకు లేచిందో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక్కడ ఒక ఖాళీ ఉంది, కట్టబోయేవాళ్ళు తప్పకుండా గమనించాలి. కంపెనీ బాధ్యత బేస్ ప్లేటు దాకా. దాని కింద ఉన్నది మన సివిల్ ఇంజినీరుది. మధ్యలో ఉన్న బోల్టులు ఎవరివి? సరఫరా వాళ్ళది, పాతడం మనది. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా స్తంభం కూర్చోదు, అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు. నేను పదిహేను వేలు అదనంగా ఇచ్చి, కాంక్రీటు పోసే ముందు కంపెనీ సర్వేయరు వచ్చి కొలిచి సంతకం పెట్టేలా రాయించాను. మొత్తం ప్రాజెక్టులో ఇంత చవగ్గా కొన్నది మరొకటి లేదు.

గుంతలు తవ్వడం ఆగస్టులో. వేసవిలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు తవ్వాల్సిన నేల అది. మాకు కాగితాలు ఆలస్యం కావడంతో నిండుగా పారే కాలువ పక్కన తవ్వాం. రెండు మీటర్లు దిగేసరికి ఊట. మోటార్లు రాత్రీ పగలూ నడిపించాం. ఆగస్టు 31 నుంచి కురిసిన వానకు గుంతల గట్లు జారిపోయాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు అని టీవీలో చెబుతుంటే ఇంట్లో ఎవరం భోజనం సరిగ్గా చేయలేదు. మా స్థలంలోకి నది రాలేదు, వాన నీరే నిలిచింది. విజయవాడలో బుడమేరు ముంపులో జనం పడిన బాధ ముందు మా గుంతల గురించి మాట్లాడటానికే సిగ్గేసింది. మూడు వారాలు పని ఆగింది. కూలిన మట్టి తీసి, అడుగున మెత్తబడిన పొర తొలగించి ఇసుక, కంకర వేసి మళ్ళీ మొదలుపెట్టాం. బ్యాంకు కొట్టేసిన ఆ "అనుకోని ఖర్చుల" వరుసలోకి దాదాపు మూడు లక్షలు వచ్చి చేరాయి.

సెప్టెంబరు చివర బోల్టులు పాతారు, సర్వేయరు రెండు పునాదుల దగ్గర సరిచేయించి సంతకం పెట్టాడు. దీపావళికి వారం ముందు సరుకు సిద్ధమని ఫోను వచ్చింది. 55 శాతం పంపే ముందు తమ్ముడిని ఫ్యాక్టరీకి పంపాను. ప్లేట్ల మందం, వెల్డింగు, రంగు చూశాడు, రేకు మందం స్క్రూ గేజితో కొలిచి ఫోటోలు పంపాడు. లారీలు వచ్చినప్పుడు కాటా వేయించాం. ధర మొత్తం మీద కుదిరినా బరువు చీటీలు దగ్గర ఉంచుకోవడం మంచిది. దింపడానికి హైడ్రా క్రేను అద్దె, కూలీలు మావే. ముక్కలన్నీ నంబర్ల వారీగా వరుసలో పెట్టించాలని ఎవరూ చెప్పలేదు. మా వాచ్‌మన్ తనకు తోచినట్టు సర్దించిన కుప్పలోంచి బ్రేసింగు రాడ్లు వెతకడానికే బిగించేవాళ్ళకు ఒక పూట పోయింది.

బిగించడం చూస్తే మాత్రం ఏడాది అలసట మరిచిపోయాను. నవంబరు మొదటి వారంలో మొదలుపెట్టి మూడు వారాల్లో ఫ్రేములన్నీ నిలబెట్టేశారు. ఊళ్ళోవాళ్ళు సాయంత్రాలు వచ్చి చూసేవారు. నాన్నగారు రోజూ కుర్చీ వేసుకుని కూర్చునేవారు, వాళ్ళకు టీ ఆయన లెక్కే. డిసెంబరు రెండో వారానికి రేకులు పూర్తయ్యాయి. ఆ తర్వాత ఇటుక గోడ, ఆరంగుళాల నేల కాంక్రీటు, షట్టర్లు. ఉక్కు పని ఆరు వారాలైతే, దాని చుట్టూ సివిల్ పని అంతకు రెట్టింపు తిన్నది. ఫిబ్రవరిలో కొత్త పసుపు వచ్చే వేళకు బస్తాలు లోపలికి చేరాయి.

చివరి లెక్క, లక్షల్లో: ఉక్కు భవనం జీఎస్టీతో 50.5, మెరక 12, పునాదులు, గోడల కింది ప్లింత్ బీములు 13.5, నేల 13, గోడలు 6, షట్టర్లు, కరెంటు, అగ్నిమాపక సామాను 5.5, పరీక్షలు, డిజైను, అనుమతులు 2, క్రేను, మోటార్లు, దింపుడు వగైరా 2. వానకు పోయిన మూడు లక్షలు పునాదుల్లోనూ మోటార్లలోనూ కలిసే ఉన్నాయి. మొత్తం కోటీ నాలుగున్నర లక్షలు. 294తో మొదలైన చదరపు అడుగు 843 దగ్గర తేలింది. బ్యాంకు ఇచ్చింది పోను మిగతాది మా చేతిదే, అందులో కొంత అమ్మ బంగారం మీద తెచ్చింది, ఈ సీజనులో విడిపించాలి.

ఏప్రిల్లో పడిన అకాల వర్షానికి ఉత్తరం వైపు గట్టరు అతుకు దగ్గర కారింది, కొప్పు రేకు కింద రెండు చోట్ల చెమ్మ కనిపించింది. ఫోటోలు పంపాను. మనిషి వచ్చి సీలెంటు పూసి వెళ్ళాడు, అతుకు మాత్రం విప్పి మళ్ళీ వేయాలని మా ఇంజినీరు అంటున్నారు. ఆ ఐదు శాతం, అంటే పన్నుతో కలిపి రెండున్నర లక్షలు, ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కంపెనీ నుంచి వారానికొకసారి ఎంతో మర్యాదగా ఫోను వస్తోంది. "అతుకు విప్పండి, డిజైను లెక్కల కాపీ, తుది డ్రాయింగులు సంతకాలతో పంపండి, అదే రోజు డబ్బు వేస్తాను" అని నేనూ అంతే మర్యాదగా చెబుతున్నాను.